ఉషారాణి పెంచిన క్రిమి

టెక్కలిలో మా కాలేజీ ల్యాబ్ టెక్నీషియన్ ఉషారాణికి ఆదివారం సెలవు లేదు. మేం ఇవ్వక కాదు, ఆవిడే తీసుకునేది కాదు. మేమంతా చేపల కోసం భావనపాడు పోతుంటే, ఆవిడ తాళంచెవి పట్టుకుని ల్యాబుకు వచ్చేది, క్రిమికి మేత పెట్టడానికి.

ఆ క్రిమి వాళ్లమ్మ నూకమ్మ చేతి పుండులోది. నూకమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. అందరిలాగే చేతులకు బూడిద రాసుకునేది, అయినా ఓసారి జీడి రసం పడి వేళ్ల సందున కాలింది. షుగరు మనిషి, పుండు మానలేదు. డాక్టరు మందులు మార్చి మార్చి, చివరకు చీము పరీక్ష చేయించమన్నాడు. ఆ పరీక్ష మా ల్యాబులో కూతురే చేసింది. గాజు పళ్లెంలో క్రిమిని పెంచి చూస్తే, ఏ మందు బిళ్ల పెట్టినా దాన్ని ఆనుకునే అది దట్టంగా పెరిగింది. అమ్మ ఇక బతకదని ఉషారాణికి ఆ పళ్లెం చూసినప్పుడే తెలిసిపోయింది. ఇంట్లో మాత్రం చెప్పలేదు. 2006 వానాకాలంలో నూకమ్మ పోయింది.

పరీక్ష అయ్యాక క్రిమిని పారేయాలి. ఈవిడ పారేయలేదు. గాజుగొట్టంలో ఉంచి, మేత అయిపోయేలోగా కొత్త గొట్టంలోకి మారుస్తూ బతికించింది. ఎందుకని అడిగితే, దీన్ని చంపే మందు దొరికేదాకా అంది. తల్లికి గంజి పట్టినంత శ్రద్ధగా దానికి తిండి పెడుతుంటే నాకు ఒళ్లు మండేది. అమ్మ పోయాక అద్దె గదిలో ఆవిడ కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు.

మూడేళ్లకు మా ఉదయశంకర్ మాస్టారు ఆకుల కషాయంతో వెండి నలుసులు చేసే పనిలో దిగారు. కంటికి ఆననంత సన్న నలుసులు, క్రిముల్ని చంపుతాయంటారు. ఏ ఆకు వాడదామంటే ఉషారాణి ఉద్దానం నుంచి జీడాకు తెచ్చింది. అమ్మ చెయ్యి కాల్చిన చెట్టే. కషాయంలో వెండి కరిగిన మందు నీళ్లు కలిపితే, లేత రంగు మెల్లగా కాఫీ రంగుకు తిరిగింది. అందులో కాగితం బిళ్ల తడిపి క్రిమి మీద పెట్టింది.

మర్నాడు చూస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ. ఉత్త కషాయానికి అంత ఖాళీ రాలేదు. పళ్లెంలో చచ్చినంత మాత్రాన మనిషికి మందు కాదని మాస్టారు చెప్పారు. మిగతా పరీక్షలు విశాఖలో చేస్తారట. ఒక గొట్టం అక్కడికి పంపి, ప్రమాదం కాబట్టి మిగతావన్నీ ఉడికించేయమన్నారు.

ఉషారాణి గొట్టాలను పెద్ద కుక్కర్లో సర్ది మూత బిగించింది. కింద మంట వెలిగించకుండా అలాగే నిలబడింది.

"అయితే ఆదివారం నాను రానక్కర్నేదా సార్?"

అక్కర్లేదమ్మా, హాయిగా ఇంట్లో ఉండు అన్నారాయన.

"ఇంట్లో ఉండి యేటి సేత్తాను సార్?"

మాస్టారు నావైపు చూశారు. నేను అగ్గిపెట్టె అందుకోబోయాను. అగ్గిపుల్ల ఆవిడే గీసింది.