బాపు కిరీటంలోని మెత్త

పోయిన గురువారం పొద్దున జనగామలో మా ఇంటి ముందు ఆటో ఆగింది. టీవీ అట్టపెట్టెను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఒక మనిషి దిగుతుంటే, మా కోడలు మళ్లీ ఏదో తెప్పించిందనుకుని లోపలి నుంచే గొణుక్కున్నాను. తీరా చూస్తే అతను భూపాలపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు, చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగమట. పేరు చెబితే గుర్తుపట్టలేదు గానీ, పాలకుర్తి పక్క చిందు బాగోతం మేళంలో రాజు వేషం కట్టిన పెద్దాయన మనవణ్ణని చెప్పగానే నా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పెద్దాయనను మా ఇంట్లో చిన్నా పెద్దా అందరం బాపు అనేవాళ్లం.

పెట్టెలో బాపు కిరీటం ఉంది. తళుకు బేగడ రేకులు ఎక్కడికక్కడ లేచిపోయి, సగం అద్దాలు రాలిపోయి, పైన శిఖ చీలిపోయి చూడటానికే బాధగా ఉంది. కొత్తిల్లు కట్టుకున్నారట, హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటారట, పైన మెరిస్తే చాలట. ఆ మాట చెప్పి అతను ముక్కు ముడుచుకుంటూ, “పెద్దమ్మా, గా లోపలి గుడ్డ మాత్రం పీకి పారెయ్యి, ఒకటే వాసనొస్తున్నది,” అన్నాడు.

నేను కిరీటం ఒళ్లోకి తీసుకుని లోపలికి చేయి పెట్టాను. కుడి పక్కన అరచేయంత మెత్త వేళ్లకు తగిలింది. గళ్ల రుమాలును మడతలు పెట్టి కుట్టిన మెత్త అది. ఆ రుమాలు మా నాన్నది, ఆ కుట్లు నావి. మంచి కుట్లేమీ కావు, వంకర టింకరగా ఉంటాయి.

మా నాన్నను మేం అబ్బా అనేవాళ్లం. స్టేషను వీధిలో ఒకటే గది ఇల్లు మాది, అదే దుకాణం. పెళ్లిళ్ల రోజుల్లో పెళ్లికొడుకుల నుదుటికి కట్టే పూల సెహ్రాలు, మొహర్రం వస్తే పీర్లకు బేగడ పని, వడ్లు ఇంటికి చేరాక బాగోతం వాళ్ల కిరీటాలు, భుజకీర్తులు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు కిరీటమంటే దూదిలా తేలికైన పొనికి చెక్క చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూతపూసి, ఎండాక రేకు అంటించి అద్దాలు పొదిగేవారు. చెక్క తేలికదే గానీ అద్దాలన్నీ ఎక్కాక దాన్ని మోసే మెడకు తెలిసేది బరువెంతో. ఇంట్లో మాది ఉర్దూ మాటే అయినా, పని మీద కూర్చుంటే అబ్బా తెలుగులోనే మాట్లాడేవాడు. కిరీటాలు తెలుగు కిరీటాలు మరి, వాటికి మన మాట అర్థం కావొద్దా అని నవ్వేవాడు.

గోడకు మేకులు వరుసగా ఉండేవి. ఒక్కో మేకుకు ఒక్కో దారం, ఆ దారానికి ముడులు. ఎవరి తల చుట్టుకొలత ఎంతో, నుదురు ఎంతో, చెవికి చెవికి నడుమ ఎంతో ఆ ముడులే చెప్పేవి. ఎవరిది బట్టతలో, ఎవరికి నెత్తి మీద కణితి ఉందో కిరీటం చేసేవాడికి తెలియక తప్పదు. తెలిసినా నోరు మెదపకూడదు. దాన్ని అబ్బా తల గుట్టు అనేవాడు, మా అమ్మీకి కూడా చెప్పేవాడు కాదు. ఆ నియమం చాలా గొప్పదని ఊరంతా మెచ్చుకునేది. నేనూ మెచ్చుకున్నాను, దాని వల్ల నా ప్రాణం మీదికి వచ్చేదాకా.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. చేతి పని బాగా పట్టుబడింది, దానికి తగ్గట్టు పొగరు కూడా పట్టింది. బేగడ రేకులు తేవడానికి అబ్బా పట్నం వెళ్తూ, బాపు కిరీటం నా ముందు పెట్టి రేకు మార్చు, అద్దాలు సరిచెయ్యి, “లోపలికి మాత్రం పోకు బిడ్డా,” అని చెప్పి పోయాడు. ఎందుకో చెప్పలేదు.

పై పని ఒక్క రోజులో అయిపోయింది. రెండో రోజు ఆ కిరీటం నా పక్కన ఉంటే దాని వాసనకు నాకు తల తిరిగింది. ఇరవై ఏళ్ల చెమట, కొబ్బరినూనె, ముఖానికి పూసుకునే అర్దళం, అన్నీ కలిసి లోపలి మెత్త నల్లగా అట్ట కట్టి ఉంది. ఇంత అందమైన కిరీటానికి లోపల ఈ మురికేమిటని నా శుభ్రపు బుద్ధి ఊరుకోలేదు. కత్తెర పెట్టి మొత్తం కత్తిరించి, నీళ్ల కాగు కింద పొయ్యిలో వేశాను. చుట్టూ సమానంగా ఎర్రటి మఖమల్ వేసి కుట్టాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

అబ్బా పట్నం నుంచి దిగేసరికి మేళం వాళ్లు వచ్చి కిరీటాన్ని ఎర్ర గుడ్డలో మూటకట్టి కొబ్బరికాయ కొట్టేశారు. ఒకసారి మూటకట్టాక ఆట జరిగే చోటుకు చేరేదాకా విప్పరు, అది వాళ్ల ఆచారం. అందుకని అబ్బా లోపల చూడలేదు, మూట వాళ్లతోనే పోయింది. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం, మెత్త గట్టిగానే ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇప్పటికీ తెలియదు. అప్పుడు ఆయన, ఎలాగూ రేపు ఈ పని నీదే కదా, నీకు తెలియాలి అంటూ చెప్పాడు. బాపు చిన్నప్పుడు ఎడ్లబండి మీద నుంచి పడితే తల కుడి పక్కన సొట్ట పడిందట. ఆ సొట్టను నింపడానికి ఏటా ఒక పొర చొప్పున అబ్బా ఆ మెత్తను పెంచుకుంటూ వచ్చాడట. అది లేకపోతే కిరీటం నిలవదు, గిర్రున తిరిగితే పడిపోతుంది.

పడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆట నడుమ కిరీటం నేల తాకితే ఆ వేషం ఆ మనిషిని విడిచిపోయినట్టే, మళ్లీ బతికున్నన్నాళ్లు దాన్ని కట్టరాదు. మేళంలో ఒకాయనకు అలా జరిగితే, ఆ తర్వాత ఆయన తాళాలు కొడుతూ మూల కూర్చోవడం నేను కళ్లారా చూశాను. బాపుకు రాజు వేషం తప్ప ఇంకో బతుకు లేదు.

తెల్లవారి అబ్బా నమాజు నుంచి లేవగానే చెప్పేశాను. కొడతాడనుకున్నాను, తిడితే ఏడ్వవచ్చు అనుకున్నాను. ఆయన వంకర సూది, మైనం రాసిన దారం జేబులో వేసుకుని, రుమాలు భుజాన వేసుకుని పద అన్నాడు. ఆట ఆ రోజు మధ్యాహ్నమే, మానుకోట మార్కెట్ యార్డులో. ఇప్పుడందరూ మహబూబాబాద్ అంటున్నారు గానీ మాకది మానుకోటే. ఫోను చేసి చెబుదామంటే ఎవరికి చేస్తాం?

ప్యాసింజరు బండి కాజీపేటలో ఆగి ఎంతకీ కదలలేదు. సిగ్నలు లేదన్నారు, ఇంకేదో బండి ముందు పోవాలన్నారు. పల్లీలమ్మే ఆమె నాలుగుసార్లు తిరిగింది, ఎదురు సీటులోని పెద్దమనిషి ఒక నిద్ర తీసి లేచాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఈ పాటికి బాపు ముఖానికి రంగు పూసుకుంటుంటాడు, ఈ పాటికి గజ్జెలు కట్టుకుంటుంటాడు అని లెక్కపెట్టుకుంటున్నాను. అబ్బా నా వైపు చూడకుండా రుమాలును మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ కూర్చున్నాడు. దాన్ని ఎన్ని మడతలు వేస్తే ఆ సొట్టకు సరిపోతుందో చూసుకుంటున్నాడని నాకు నెక్కొండ దాటాక గాని తెలియలేదు.

మానుకోటలో దిగి పరుగు లాంటి నడకతో యార్డుకు చేరేసరికి మద్దెల మోగుతోంది. వెనక గుడ్డలు కట్టిన చోట బాపు పీట మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం అప్పటికే తలకెక్కింది. ఒక చేత్తో దాన్ని కుడి పక్కన పట్టుకుని ఉన్నాడు, రంగు పూసిన ఆ ముఖంలో కళ్లు మాత్రం భయపడుతున్నాయి. అబ్బాను చూడగానే, “నిలుస్త లేదురా,” అన్నాడు. అంతే.

తలకెక్కిన కిరీటాన్ని మంగళం పాడేదాకా దించరు. ఇక చేయగలిగింది ఒకటే, తల మీద ఉండగానే కుట్టాలి. అబ్బా వేళ్లు అప్పటికే కీళ్లనొప్పులతో లావెక్కాయి, కిరీటానికి తలకు నడుమ సందులో పట్టవు. రుమాలు మెత్తను, సూదిని నా చేతిలో పెట్టాడు.

బయట కథకుడు, రాజు వస్తున్నాడని పాట ఎత్తుకున్నాడు. నేను ఎడమ చేతి వేళ్లు లోపలికి పోనిచ్చాను. సొట్ట తగిలింది, బొటనవేలు పట్టేంత గుంట. ఇన్నేళ్లు అబ్బా ఎవరికీ చెప్పని గుట్టు నా వేలి కింద వెచ్చగా ఉంది. మెత్తను అక్కడ ఆనించి, అంచు రంధ్రాల్లోంచి వంకర సూది దించాను. మూడో కుట్టుకు సూది జారి ఆయన తలకు గుచ్చుకుంది. నేను చేయి వెనక్కి తీసుకోబోతే, “కుట్టు బిడ్డా, నేను కదల,” అన్నాడు బాపు. చెవి పక్క నుంచి సన్నగా నెత్తురు దిగింది, ఆ రంగులో ఎవరికీ కనిపించలేదు.

బాపు భార్యను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె తెర పట్టుకునేవాళ్లను ఆపుతూ, మా వైపు నిప్పులు కురిసే చూపు చూసింది. మెత్త ఎవలు తీసిండ్రని అడిగింది. నా నోరు తెరుచుకునే లోపలే అబ్బా అన్నాడు, “నేనే తీసిన.”

“ఇరవై ఏండ్ల సంది నీ చేతుల పెడుతున్నం. గింత పనోనివి, గిట్ల జేస్తివేంది?” అంది అవ్వ. అబ్బా తల వంచుకున్నాడు. నేను దారం పంటితో తెంపాను. ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పవచ్చు, చెప్పలేదు.

రాజుకు అడ్డం పట్టిన తెర దిగింది. రాజు ప్రవేశంలో మూడు చుట్లు గిర్రున తిరిగి కాలు తాటించాలి. మొదటి చుట్టు నిలిచింది. రెండో చుట్టులో కిరీటం వేలెడంత ఎడమకు జరిగింది, అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అల్లాను తలుచుకున్నానో, వాళ్ల దేవుణ్ణి తలుచుకున్నానో నాకే తెలియదు, ఇద్దర్నీ తలుచుకుని ఉంటాను. మూడో చుట్టు తిరిగి బాపు కాలు తాటించాడు. గజ్జెలు ఘల్లుమన్నాయి. కిరీటం నిటారుగా నిలిచింది. మంగళం పాడేదాకా నిలిచే ఉంది.

బాపు ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు రాజు వేషం కట్టాడు. కానీ ఆ రోజు నుంచి కిరీటం బాగుకు వచ్చినప్పుడల్లా అవ్వ దాని వెంటే వచ్చేది. పని అయ్యేదాకా అబ్బా ఎదురుగా గడపలో కూర్చుని ఆయన చేతులనే చూస్తూ ఉండేది, బజారుకు కూడా పోయేది కాదు. జిల్లాలో అంత పేరున్న పనివాడు, దొంగను కాపలా కాసినట్టు కాపలా కాస్తుంటే తల ఎత్తకుండా పని చేసుకునేవాడు. వాళ్లిద్దరికీ చాయ్ తెచ్చి ఇచ్చేదాన్ని నేనే. ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. తిరుగు బండిలో అబ్బా అన్న ఒక్క మాటే నాకు అడ్డం. తల గుట్టు నీకు ముందే చెప్పాల్సింది, తప్పు నాదే అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఆ మాట చాటున నేను ఇన్నేళ్లు దాక్కున్నాను, సిగ్గు లేకుండా.

పోయిన గురువారం ఆ మనవడికి మొత్తం చెప్పేశాను. మెత్త తీసింది మా నాన్న కాదు బిడ్డా, నేను, మీ అవ్వ ఉత్త పుణ్యానికి ఆయన్ని అనుమానించింది అన్నాను. అతను ఇబ్బందిగా కదిలి, “గప్పటి ముచ్చట గిప్పుడెందుకు పెద్దమ్మా, వాళ్లెవలూ లేకపాయె,” అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

పోయే ముందు సరదాగా, ఒకసారి పెట్టుకుని ఫొటో తీసుకుంటానన్నాడు. స్టూలు మీద కూర్చోబెట్టి నేనే తలకెత్తాను. ఫోను ముందుకు చాచి నవ్వాడు. అతని తల గుండ్రంగా, ఏ లోపమూ లేకుండా ఉంది. కుడి పక్క మెత్త కింద నుంచి ఎత్తిపట్టేసరికి కిరీటం ఎడమకు ఒరిగి జారింది. అతను చేతిలోని ఫోను వదిలేసి రెండు చేతులతో కిరీటాన్ని పట్టుకున్నాడు. ఫోను గచ్చు మీద పడి అద్దం పగిలింది. దాని వైపు చూడనైనా చూడలేదు.

“పడలే గదా పెద్దమ్మా?” అన్నాడు, ముఖం పాలిపోయి.

పడలేదన్నాను. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, మెల్లగా నా ఒళ్లో పెట్టి, లోపలిది ఉండనియ్యమన్నాడు.

ఇప్పుడు బడుల్లో డాన్సులకు వచ్చే కిరీటాలు నేనూ చూస్తున్నాను. పువ్వులా తేలిగ్గా ఉంటాయి, వెనక రబ్బరు పట్టీ, ఏ తలకు పెట్టినా అతుక్కుపోతాయి, కింద పడినా ఎవరూ ఉలిక్కిపడరు. మంచిదే, ఏ పిల్లకూ మెడ నొయ్యదు. మా గోడ మీది మేకులు తీసేసి సున్నం కొట్టించి చాలా ఏళ్లయింది. బాపు కిరీటం మాత్రం ఈ లోకంలో ఒక్క తలకే సరిపోయేది. ఆ తల ఎక్కడ ఎంత లోతుగా ఉండేదో నా ఎడమ బొటనవేలుకు తప్ప ఇప్పుడెవరికీ తెలియదు.