బ్రేకు దగ్గర అన్న

లిఫ్టులు బాగుచేసే ఆ అన్నదమ్ములు పని వేళ ఒకరికొకరు కనబడరు. అన్న మేడ మీద మోటారు గదిలో, తమ్ముడు అడుగున గుంటలో. తమ్ముడు బిగించాల్సింది బిగించి, పక్కకు తప్పుకుని "వదులన్నా!" అంటాడు. అప్పుడే అన్న బ్రేకు వదులుతాడు. తమ్ముడి మీసం నెరిసేదాకా ఇదే వరస.

ఒకనాడు తమ్ముడు, ఇకమీదట మోటారు గదిలో పైపని తను చేస్తానన్నాడు. అన్న పానా తుడుచుకుంటూ, "నీకు కళ్ళు తిరుగుతాయిరా. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా మరదలు పట్టుకోవాలి" అన్నాడు. అది నిజమే. వాచ్‌మన్ ఎదుట అన్నాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మాటలు బందయ్యాయి. పని మాత్రం ఆగలేదు. వాచ్‌మన్ మెట్ల దగ్గర నిలబడి, "వదలమంటున్నాడండీ మీ తమ్ముడు!" అని కేకేసేవాడు. "తప్పుకున్నాడో లేదో ముందు చూడు!" అని పైనుంచి వచ్చేది.

ఈలోగా వేరే కంపెనీవాళ్ళు తమ్ముడికి పైపని ఇస్తామన్నారు. కళ్ళు తిరగవని ముందు తనకు తాను రుజువు చేసుకోవాలి గనక, ఆదివారాలు ఊరి వెనక కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.

"అక్కడ బావగారు కనిపిస్తే అడిగానని చెప్పండి" అంది భార్య, నీళ్ళ సీసా అందిస్తూ.

కొండలెక్కినవాళ్ళ మీద పుస్తకాలు బోలెడున్నాయి. అందరూ ఏదో గొప్ప కారణంతోనే ఎక్కుతారు. అన్న మీద కసితో ఎక్కినవాడి ఊసు వాటిలో దొరకదు గానీ, కాళ్ళకు కారణంతో పనేముంది?

మొదటిసారి సగం దూరమైనా పోకముందే బండను కావిలించుకుని కూర్చున్నాడు. ఓ తొండ వచ్చి, చూసి, పోయింది. తర్వాతి ఆదివారం ఇంకాస్త పైకి. చెట్ల నీడ, ఎండుటాకుల చప్పుడు. తిట్టుకుంటూ ఎక్కడానికి ఊపిరి చాలక, తిట్లు తగ్గించుకున్నాడు. కొన్నాళ్ళకు కొండ కొస మీద నిలబడ్డాడు. కళ్ళు తిరగలేదు. కంపెనీవాళ్ళకు రేపే జవాబు చెప్పాలి.

గాలి హాయిగా ఉంది. తామిద్దరూ పనిచేసిన మేడలన్నీ కింద అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. మనుషులు మాత్రం ఒక్కరూ కనబడలేదు. ఎంత వెతికినా అంతే.

అన్నకు కూడా ఇన్నేళ్ళూ తను కనబడలేదు. వినబడ్డాడు, అంతే. ఆ గొంతొక్కటే నమ్ముకుని అన్న బ్రేకు వదిలేవాడు. ఇప్పుడు వాచ్‌మన్ గొంతు నమ్ముకుని వదులుతున్నాడు.

అప్పుడు తిరిగాయి కళ్ళు.

కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. గాలికి చెమట ఆరింది. కసి కోసం లోపల తడుముకుంటే చేతికి తగల్లేదు.

మర్నాడు గుంటలో దిగి పని ముగించాడు. వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వుండవయ్యా" అని, తమ్ముడు తనే కేకేశాడు: "వదులన్నా!"

పైనుంచి అన్న అడిగాడు:

"తప్పుకున్నావా?"

"తప్పుకున్నా."

"పూర్తిగానా?"

"వదులుతావా, నన్నే పైకి రమ్మంటావా?"

లిఫ్టు కదిలింది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం తమ్ముడు కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి, తనకు కళ్ళు తిరుగుతాయని చెప్పాడు. కొండ మాత్రం మానలేదు. ఆదివారం అన్ననూ రమ్మన్నాడు.

"మేడలెక్కీ ఎక్కీ మోకాళ్ళు పోయాయిరా" అన్నాడు అన్న. "నువ్వెక్కు. కింద నేనుంటా. చేరాక ఒక కేకెయ్యి."