మా బావమరిది బెత్తెడు దింపిన బండి

మా బావమరిది పోయాడని తెలిసినప్పుడు నా చేతిలో పాయసం గిన్నె ఉంది. ఆ ఆదివారం పొద్దున దోర్నాల నుంచి హెడ్మాస్టరుగారు ఫోను చేసి, ప్రొబేషను గడువు ముగిసి మా పాప టీచరు ఉద్యోగం ఖాయమైందని చెప్పారు. ఇంట్లో ఉన్న బెల్లమంతా వేసి మా ఇంటామె పాయసం కాచింది. మొదటి గిన్నె తన తమ్ముడికే అని నాకిచ్చి పంపింది. మా ఇంటికీ ఆయన ఇంటికీ నడుమ మూడిళ్లు. రెండో ఇల్లు దాటేసరికే ఏడుపులు వినబడ్డాయి. తలస్నానం చేసి అరుగు మీద కూర్చున్నవాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని పక్కకు ఒరిగాడట. ఆ మంచి కబురు ఆయన చెవిన పడనే లేదు. ఆ గిన్నె ఎక్కడ పెట్టానో నాకిప్పటికీ గుర్తు లేదు.

నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. గొర్రెలు మేపాను, బోరు ఎండిపోయిన పొలంలో కంది వేశాను. రాత నా పని కాదు. కానీ ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అందులోనూ ఆయన కథ చెప్పాలంటే నా బిడ్డ కథ చెప్పాలి. నా బిడ్డ టీచరు. ఈ మాట ఎన్నిసార్లు అన్నా నాకు తనివి తీరదు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి. మా వంశంలో గవర్నమెంటు బడిలో బోర్డు మీద రాసిన మొదటి చెయ్యి నా బిడ్డది.

పాపకు చిన్నప్పటి నుంచీ కండరాల జబ్బు. ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయేది. కర్నూలు చూపించాం, గుంటూరు చూపించాం. అందరిదీ ఒకటే మాట, దీనికి మందు లేదు. ముందు కాళ్లు పోతాయి, తర్వాత చేతులు పోతాయి అన్నారు. ఆ తర్వాత ఏమిటో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే డిగ్రీ చేసింది, బీఈడీ చేసింది. రాష్ట్రం రెండయ్యాక మన కొత్త రాష్ట్రంలో టీచర్ల పరీక్ష పెడితే రాసి గెలిచింది. పెద్దదోర్నాలలో బడి ఇచ్చారు. ఆ రోజు నేను వీధిలో కనబడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాను. తెలిసినవాళ్లకు రెండోసారి కూడా చెప్పాను.

సాయంత్రం పాప నన్ను దగ్గరికి పిలిచింది. "నాయనా, కాలేజీకి నువ్వు ఎత్తుకోని పోయినావు, సరే. ఇప్పుడు పిలకాయలు చూస్తాంటే నన్ను ఎవరూ ఎత్తొద్దు. నా చేతులతో నేను ఎక్కాల, నేనే దిగాల. అట్ల కాకపోతే నేను ఈ ఉద్యోగానికి పోను" అంది.

పక్కనే ఉన్న మా బావమరిది లేచి వెళ్లి తన బండిని మా వాకిట్లోకి తెచ్చాడు.

ఆయనది ఏడుగురు కూర్చునే పాత బండి. శ్రీశైలం పోయే యాత్రికులను తిప్పేవాడు. బయల్దేరే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి, ముందు మడ్గార్డు మీద చిన్నగా ఒక దెబ్బ వేయడం ఆయనకు అలవాటు. మేకల మంద అడ్డం వస్తే హారను కొట్టేవాడు కాదు, ఇంజను ఆపి కూర్చునేవాడు. ఆ రోజు కుర్చీని బండి పక్కన పెట్టి, కుర్చీకీ బండి సీటుకూ నడుమ నున్నటి చెక్క ఒకటి వేశాడు. పాప చేతులు ఊనుకుని జరగాలని చూసింది. సీటు ఎత్తుగా ఉంది. ఎత్తుకు జరిగే బలం ఆమె చేతుల్లో లేదు. ఆయన వంగి ఆ ఎత్తు నడుమ నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూశాడు.

"బెత్తెడు బావా" అన్నాడు. "ఈ బెత్తెడు దింపితే పాప టీచరు. దింపకపోతే ఇంట్లో పాప."

బండి కింద చక్రాల దగ్గర చుట్లు తిరిగిన స్ప్రింగులుంటాయి. బండి బరువంతా వాటి మీదనే. అవి పొట్టివైతే బండి కిందికి దిగుతుంది. ఇంతవరకు నాకూ తెలుసు. గ్యాసు మంటతో స్ప్రింగును కాలిస్తే అదే కుంగుతుందని ఒకరన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అట్లా కాల్చిన స్ప్రింగు ఘాట్ రోడ్డులో విరగడం కళ్లతో చూశాడట. ఒక చుట్టు కోసేస్తే సరి అని ఇంకొకరన్నారు. కోసిన కొన గూటిలో సమంగా కూర్చోదు, బండి గుంతలో పడి లేచినప్పుడు పక్కకు తప్పుకుంటుంది, నా మేనకోడలిని దాని మీద కూర్చోబెట్టను అన్నాడు. చివరికి మార్కాపురంలో స్ప్రింగుల దుకాణానికి ఇద్దరం పోయాం.

దుకాణం ఆసామి ఓపిక గలవాడు. పొట్టి స్ప్రింగులు మూడు రకాలు బల్ల మీద నిలబెట్టాడు. మెత్తనిది, నడిమిది, గట్టిది. "చూడు పెద్దాయనా, ఎంత బరువు పెడితే స్ప్రింగు ఒక అంగుళం దిగుతాదో, అదే దాని గట్టితనం. తక్కువ బరువుకే దిగితే మెత్తంది. బండిని కిందికి దించినామంటే స్ప్రింగు ఆడే చోటు తగ్గిపోతాది. అందుకని పాతదానికంటే కొంచెం గట్టిది వేయాల, లేకుంటే ప్రతి గుంతలో అడుగు కొట్టుకుంటాది. మరీ గట్టిది వేస్తిరా, ఎడ్లబండిలో పోయినట్టే. ఇంతకీ బండిలో మామూలుగా ఎంత మంది ఉంటారు?"

మా బావమరిది నవ్వాడు. "మా ఊర్లో ఖాళీగా పోయే బండి యాడైనా ఉంటాదా?"

"అట్లయితే మనుషుల్ని ఎక్కించి చూసుకోని రాపో" అన్నాడు ఆసామి.

ఆ మర్నాడు మా వాకిలి తిరునాళ్ల మాదిరి అయింది. ఆయన మడ్గార్డు మీద బలపంతో గీత గీసి, ఒక్కొక్కరినే ఎక్కించి, చక్రానికీ మడ్గార్డుకూ నడుమ సందు ఎంత తగ్గిందో పుల్లతో కొలిచాడు. మా వీధి పెద్దమ్మ భారీ మనిషి. ఆమె ఎక్కగానే బండి ఒక పక్కకు ఒరిగింది.

"ఏందిరా, నన్ను సంతలో పొట్టేలు మాదిరి తూకమేస్తుండావు?" అంది.

"పొట్టేలుకైతే తూకం కొద్దీ ధర వస్తాది పెద్దమ్మా. నీ తూకం తెలిస్తే నా బండి పారిపోతాది."

గొర్రెల కాపరి అన్న ఒకాయన ఎక్కాడు, పుల్ల కదల్లేదు. "నువ్వు తినేదంతా నీ గొర్రెలకే పడుతున్నట్టుండాది అన్నా" అన్నాడు. పాప కుర్చీలో కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఆ పెద్దమ్మను ఇంకో పది మాట్లు ఎక్కించి ఉండేవాణ్ణి.

అందరూ ఎక్కినప్పుడు బండి చాలా దిగుతోంది. కాబట్టి గట్టి స్ప్రింగే వేయాలని తేల్చాడు. స్ప్రింగులతో మూడు వేళ్లు దిగింది. మిగతా వేలెడు సీటులో స్పాంజి కోయించి దించాడు. కుర్చీ, చెక్క, సీటు ఒకే మట్టానికి వచ్చాయి. పాప రెండు అరచేతులు ఊని, జరిగి జరిగి, ఒక్కతే బండిలో కూర్చుంది. నేను మా ఇంటి గోడ వెనక్కి పోయి ఏడ్చాను. సంతోషంతోనే.

తప్పెక్కడ జరిగిందో మొదటి రోజు బడికి పోయి వచ్చాక గానీ తెలియలేదు. మా ఊళ్లో బండి అంటే నిండా మనుషులు ఉండాల్సిందే అనుకుని నిండు బండికి స్ప్రింగు కొలిచాం. కానీ టీచరమ్మ బండి గదా, మర్యాద ఉండాలని ఊళ్లోవాళ్లు ఎవరూ ఎక్కలేదు. బండిలో ఉన్నది ఇద్దరే. అందులో మా పాప గాలికి ఎగిరిపోయేంత మనిషి. ఆ బరువుకు గట్టి స్ప్రింగు అణగదు. దోర్నాల దాకా బండి ఎగిరెగిరి పడిందట. మెడ నిలవక పాప తల అటూ ఇటూ కొట్టుకుంది. "బాగానే ఉంది మామా" అని ఆమె అంటూనే ఉంది. ఆయన ఆమె చేతులకేసి చూశాడు. పైన ఉన్న పిడిని పట్టుకుని పట్టుకుని వేళ్లు తెల్లబడ్డాయి.

మార్కాపురం ఆసామిని అడిగితే నడిమి రకం అయిపోయింది, తెప్పించాలన్నాడు. అంతవరకు వెనక పలకల రాళ్లు వేసుకుని పోదామన్నాను నేను.

"రాళ్లెందుకు బావా, ఇంత మంది మనుషులుంటే?" అన్నాడు. "స్ప్రింగు ఉండేది మోయడానికి. దాని మీద ఏమీ పెట్టకపోతే అదే మనల్ని తంతాది."

ఆ సాయంత్రం ఆయనే ఇల్లిల్లూ తిరిగి, దోర్నాల దిక్కు పనున్నవాళ్లు పొద్దున్నే మా వాకిటికి రావాలని, టికెట్టు లేదని, బరువుగా కూర్చుంటే చాలని చెప్పాడు. పెద్దమ్మ కూతురింటికని వచ్చింది. కూలికి పోయే ఆడవాళ్లు వచ్చారు. గొర్రెల కాపరి అన్న పొట్టేలుతో సహా వచ్చి, "ఇది గూడా బరువే గదా" అన్నాడు. వెనక నిండగానే బండి మెత్తబడింది. రోడ్డు మీద ఎక్కడ గుంత వచ్చినా ఆయన ముందుగానే "పాపా, గతుకు" అనేవాడు, ఆమె మెడ బిగబట్టుకునేది. నాలుగు రోజులకు బండి మొత్తం ఒకే గొంతుతో "గతుకూ" అనడం మొదలుపెట్టింది. పాప ఇంటికి రాగానే ఆ ముచ్చట్లే చెప్పేది. నా బిడ్డ చిన్నప్పటి నుంచీ కిటికీలోంచే ఊరిని చూసింది. ఇప్పుడు ఊరే ఆమె వెనక కూర్చుని రోజూ బడికి పోతోంది. ఇంత సంతోషం నా ఇంటికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నడిమి స్ప్రింగులు వచ్చాయని ఆసామి కబురు పెట్టాడు. నేను అడిగితే మా బావమరిది తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు మారిస్తే వీళ్లనందరినీ ఏమని దించేది బావా? పాప మాత్రం ఎవరితో మాట్లాడుకుంటా పోవాల?"

అట్లా రెండో ఏడు నడుస్తుండగా పాప చేతుల్లో కూడా బలం పోవడం మొదలైంది. డాక్టర్లు చెప్పిందే. మొదట చెక్క నడుమ ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేది. తర్వాత రెండుసార్లు. సుద్దముక్క జారిపోతోందని ఒక రోజు నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను. సీటు ఇంకో వేలెడు దిగితే పల్లానికి జరిగినట్టు సుళువుగా ఉంటుందని మా బావమరిది మళ్లీ మార్కాపురం పోయాడు. ఆసామి బండి కింద దూరి చూసి, ఇంతకన్నా పొట్టివి వేస్తే చక్రం మడ్గార్డుకు రాసుకుంటుందన్నాడట. ఆ రోజు తిరిగొచ్చి ఆయన చెప్పులు కూడా విడవకుండా మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంక దింపే చోటు లేదు బావా."

నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.

"బండినైతే దింపినాం. ఆ పాప చేతుల్ని ఏం చేస్తాం?" అన్నాడు. ఆయన కంట్లో నీళ్లు నేను చూడటం అదే మొదలు. ఆ తర్వాత నెల తిరక్కముందే ఆయనే లేకుండా పోయాడు. జబ్బుమనిషి గురించి భయపడుతూ ఉన్నాం. నిక్షేపంలాంటి మనిషి వెళ్లిపోయాడు.

ఆయన దినాలు అయిపోయాక పాప బడికి పోతానంది. మా బావమరిది పెద్ద కొడుకు లారీ తోలతాడు, దినాలకు వచ్చినవాడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. ఈ వారం నేను తోలుతాను మామా, ఆ పైన నా చేతిలో లేదు అన్నాడు. ఆ పైన ఎవరో నాకు తెలియదు. రాబోయే రోజుల గురించి నాకు ఏ ఆశా లేదు. ఉందని రాస్తే అబద్ధమవుతుంది. నా బిడ్డ ఉద్యోగం ఖాయమైందన్నది మాత్రం నిజం. దాన్ని పట్టుకుని ఉన్నాను.

పొద్దున్నే ఎప్పటిలాగా జనం వచ్చారు. పెద్దమ్మ వచ్చింది, కాపరి అన్న వచ్చాడు. పిల్లవాడు బండి స్టార్టు చేసి కూర్చున్నాడు. పాప కుర్చీని దగ్గరికి తెచ్చుకుని, చెక్క వేసుకుని, చేతులు ఊనింది. సగం దాకా జరిగింది. అక్కడ చేతులు ఆగిపోయాయి. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. భుజాలు వణుకుతున్నాయి. నేను ఒక అడుగు వేశాను.

"వద్దు నాయనా" అంది.

పెద్దమ్మ పైట సర్దుకుని మెల్లగా అటువైపు తిరిగింది. ఆమెను చూసి కూలి ఆడవాళ్లు తిరిగారు. కాపరి అన్న తిరిగాడు. చివరికి నేనూ తిరిగాను. ఎదురుగా నల్లమల కొండలు ఎండకు మసకమసకగా ఉన్నాయి. వెనక ఇంజను నడుస్తూనే ఉంది. ఆ చప్పుడులో చెక్క మీద అరచెయ్యి జరిగిన అలికిడి వినబడుతుందేమోనని, అందరం ఊపిరి బిగబట్టుకుని కొండలకేసి చూస్తూ నిలబడ్డాం.