నసీమ్ ఆపా దానిమ్మల రుమాలు

ఈ సంగతి నా లోపల పడి ఉండి ఏళ్లు దాటాయి. బరువు అంటారు చూడండి, అది రోజూ ఒకేలా ఉండదు. కొన్నాళ్లు ఉందని కూడా గుర్తుండదు. మళ్లీ ఒకరోజు ఏ పెళ్లిలోనో ఎవరి మెడలోనో పిస్తా రంగు పట్టు కనబడుతుంది. అన్నం ముద్ద నోట్లోనే ఆగిపోతుంది.

మా ఇంట్లో కథలు చెప్పేది నేనే. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ జ్ఞాపకానికి ఢోకా లేదు. ఏ పెళ్లిలో ఏ కూర మాడిందో, మా అత్త ఎవరిని ఏమని తిట్టి మళ్లీ వాళ్లింటికే చక్కెర అప్పుకు పంపిందో, అన్నీ మాట పోకుండా చెబుతాను. మనవళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇన్ని చెప్పినదాన్ని ఈ ఒక్కటి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మొహం ముందు నాకు నోరు రాదు. రెండుసార్లు రావాల్సి ఉండి, రెండుసార్లూ రాలేదు.

నేను పురానాపూల్ దగ్గర ఉంటాను. రఫూ పని చేస్తాను. చిరిగిన బట్టలో పోగుకు పోగు కలిపి, చిరుగు ఉందని తెలియకుండా చేయడం. మా గల్లీ చివరి ఇల్లు నసీమ్ ఆపాది. ఆపా అంటే అక్క. ఆమె భర్త గల్ఫులో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేవాడు. మా చుట్టుపక్కల చాలా ఇళ్ల మగవాళ్లు అలా పోయినవాళ్లే. వాళ్లు తెచ్చిన వస్తువుల్లో, అక్కడి దొరసానులు ఇచ్చినవో పాతబజారులో కొన్నవో, చదరపు పట్టు రుమాళ్లు ఉండేవి. తలకో మెడకో కట్టుకునేవి. ఎక్కడో ఫ్రాన్సు దేశంలో తయారైనవట. మన వైపు ఎవరికీ వాటి విలువ తెలియదు. ఆపాకు మాత్రం పిచ్చి. ఆమెను చూసి ఇంకో పదిమందికి పట్టింది. తమను తాము షౌకీన్లం అని చెప్పుకునేవారు, అంటే ఇష్టపడి పోగుచేసేవాళ్లు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఆపా వాకిట్లో తెల్ల దుప్పటి పరిచి, అందరూ తమ రుమాళ్లు తెచ్చి విప్పేవారు. నన్ను రఫూ కోసం పిలిచారు. తర్వాత ఊరికే పిలిచారు. ఆ గుంపులో బొట్టు పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆపా నన్ను చెల్లె అనేది.

అక్కడ ఒకరిది ఒకరు కొనుక్కునేవారు. దానికి ఆపా పెట్టిన ఖాయిదా ఒకటుంది. ఎంతకు కొన్నామో అంతకే అమ్మాలి, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. ముందు అమ్మినామె ఎప్పుడైనా అదే పైసలతో వచ్చి వాపసు అడిగితే ఇచ్చేయాలి. చేతిలో ఉండగా వస్తువు పాడైతే నష్టం అమ్మినామె, కొన్నామె సగం సగం పంచుకోవాలి. అంతకుముందు ఒకామె పక్కింటామె రుమాలును లాభానికి అమ్మితే పెద్ద లొల్లి అయి, రెండిళ్ల మధ్య మాటలు బంద్ అయ్యాయట. అప్పట్నుంచి ఈ ఖాయిదా.

ఆపా దగ్గరున్న వాటిలో గొప్పది దానిమ్మల రుమాలు. పిస్తా రంగు నేల, చుట్టూ దానిమ్మ కొమ్మలు, నడుమ పగిలిన పండు ఒకటి. గింజలు నిజంగా తడిగా ఉన్నాయేమో అనిపించేది. దాని అంచు నేను మొదటిసారి చూసినప్పుడు తప్పు కుట్టారనుకున్నాను. మనం పల్చటి బట్ట అంచును సన్నగా చుట్టి కుట్టేటప్పుడు వెనక్కి చుడతాం. అది బొమ్మ కనబడే వైపుకు, ముందుకు చుట్టి ఉంది. ఆపా నవ్వి, అసలైన సరుకుకు అదే గుర్తని చెప్పింది.

ఆ రుమాలు వల్లే ఆపాకూ ఆమె చెల్లెలు షాహీన్‌కూ మాటలు పోయాయి. ఒక పెళ్లిలో షాహీన్ దాన్ని ఒక్క గంట కట్టుకుంటానని అడిగిందట. ఆపా ఇవ్వలేదు. కూర మరక పడుతుందేమోనని. ఆ ఒక్క మాటకు షాహీన్ అక్క గడప తొక్కడం మానేసింది. ఆపా నాతో ఎన్నిసార్లు అందో, ఒక్క గంట ఇస్తే ఏం పోయేదని.

ఒక వానాకాలం ఆపా ఇంటి వెనక గోడ కూలింది. గోడ లేపడానికి దానిమ్మల రుమాలు అమ్మకానికి పెట్టింది. దాని మీద నాకెంత ఆశో ఆమెకు తెలుసు. రఫూ పైసలు కూడబెట్టి నేనే కొన్నాను. ఆమె భర్త పెట్టి కొన్న ధరకే. ఇంటికి తెచ్చుకున్న రోజు తలుపు గొళ్లెం పెట్టి, అద్దం ముందు కట్టుకుని చూసుకున్నాను. నేను కూడా షౌకీన్‌నే అనుకున్నాను.

అనుకున్నాను. అంతే.

జూబ్లీహిల్స్‌లో ఒక మేడమ్ ఇంటికి రఫూ పనికి పోయేదాన్ని. ఆమెకూ ఇలాంటి రుమాళ్ల పిచ్చే. అరలకు అరలు నింపుకుంది. మాటల్లో నా దానిమ్మల రుమాలు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పాను? ఆ అరలు చూసి, నా దగ్గరా ఒకటుందని ఆమెకు తెలియాలనిపించింది. తీసుకొచ్చి చూపించమంది. అంచు వేలితో తడిమి, ఒక ధర అంది. నేను విన్నది తప్పేమో అనుకుని మళ్లీ అడిగాను.

నాకు అప్పుడు ఏ కష్టమూ లేదు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. అప్పులవాళ్లు గుమ్మం ముందు నిలబడలేదు. ఏదైనా కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు ఆ రోజును తిరగేసి మరగేసి చూశాను. దొరకలేదు. అమ్మేశాను. మేడమ్ షౌకీన్ల గుంపులో మనిషి కాదు కదా, ఖాయిదా ఆమెకు ఎట్లా వర్తిస్తుంది అని బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే తెలుసన్నమాట. ఆ ధర ఆపాకు తెలిసి ఉంటే ఆమెకు గోడే కాదు, కప్పు కూడా కొత్తదయ్యేది. అది కూడా బస్సులోనే తట్టింది. ఇంటికి వచ్చాక ఆలోచించడం మానేశాను. ఫ్రిజ్ కొన్నాం.

తర్వాత ఎండాకాలంలో ఆపా వచ్చింది. గుమ్మంలోనే నవ్వు.

"ఏం చెల్లె, ఫ్రిజ్ తెచ్చినవట! సల్లటి నీళ్లన్న పోస్తవా, లేకుంటే ఉత్తగ చూపిచ్చుటానికే పెట్టినవా?"

నీళ్లిచ్చాను. తాగి దవడ పట్టుకుంది.

"అబ్బ, జివ్వుమన్నది. ఉన్నయే నాలుగు పళ్లు, అవి గూడ ఊడగొట్టేటట్టున్నవు." గ్లాసు కింద పెట్టి, కొంగు ముడి విప్పింది. "జుమ్మ రోజు షాహీన్ వస్తున్నది."

"నిజమా ఆపా? ఎట్లొప్పుకున్నది?"

"నేనే పోయిన. ఇద్దరం ముసలోళ్లమైతున్నం, ఇగ ఎన్నొద్దులే గీ లొల్లి అన్న. ఏడ్చింది. వస్త అన్నది. ఆ దానిమ్మల రుమాలు దాని చేతుల పెట్టాలె చెల్లె. గంట గాదు, జిందగీ అంత కట్టుకో అంట. గివిగో పైసలు. వాపస్ ఇయ్యి."

నా నోట్లోంచి వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను. కానీ వచ్చింది.

"ఆపా... కాలిపోయింది."

"ఏంది?"

"రుమాలు. ఇస్త్రీ పెట్టె కింద. నీకు చెప్పనీకి భయమైంది."

ఆపా అడిగిన మొదటి మాట ఇది.

"నీ చెయ్యి కాలలే గద?"

"లేదాపా."

"గంతే సాలు. ఫికర్ చెయ్యకు. టుక్డా ఏమన్న మిగిలిందా? పారెయ్యలే గద?"

"ఉన్నది. ఎతికి తెస్త."

"తే. అదే చూపిస్త దానికి. నీ కిస్మత్‌ల గింతే ఉన్నదే అంట." నవ్వబోయింది, రాలేదు. తెచ్చిన పైసల్లో సగం తీసి నా ఒళ్లో పెట్టింది. "పట్టు. నష్టం సగం నాది."

"వద్దాపా."

"ఎందుకొద్దు? ఖాయిదా పెట్టిందే నేను. నేనే తప్పితే ఇగ దాన్ని ఎవరు నిలబెడ్తరు?"

తీసుకున్నాను. ఇంకా వద్దంటే అనుమానం వస్తుందని. ఆమె ఏనాడూ ఎవరినీ అనుమానించిన మనిషి కాదు. అనుమానం నాదే. ఒకే వస్తువు మీద మేడమ్ దగ్గర లాభం తీసుకున్నాను, ఆపా దగ్గర నష్టపరిహారం తీసుకున్నాను. ఇది మీకు చెబుతుంటే కూడా నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ సాయంత్రమే జూబ్లీహిల్స్‌కు పరిగెత్తాను. ఫ్రిజ్ అమ్మైనా తిరిగి కొనాలనుకున్నాను. మేడమ్ ఫోన్ చూసుకుంటూనే చెప్పింది. అది ఎప్పుడో బొంబాయిలో ఒకామెకు వెళ్లిపోయిందట. నాకిచ్చినదానికి ఎన్నో రెట్లు వచ్చిందట. "నీ దగ్గర ఇంకేమైనా ఉంటే తీసుకురా అమ్మా" అంది.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. శుక్రవారం ఇంకా రాలేదు. కానీ నేను పత్తర్‌గట్టి బట్టల దుకాణాలకు పోయాను. పిస్తా రంగు పట్టు, దగ్గర దగ్గర ఛాయలో దొరికింది. కోసి, బొమ్మ ఉండాల్సిన చోటంతా నల్లబడేలా ఇస్త్రీ పెట్టె కింద పెట్టాను. పట్టు కాలితే జుట్టు కాలిన వాసన వస్తుంది. ఇంటి నిండా అదే. మా ఆయన వచ్చి, ఎవరి నెత్తి కాల్చినవే అని ఎగతాళి చేశాడు.

నడుమ ముక్క ఒకటి ఇస్తే సరిపోయేది. అంచు లేని ముక్క నకిలీదని ఎవరూ కనిపెట్టలేరు. కానీ నమ్మించాలి కదా. మూల ముక్కలాగా చేసి, అంచు చేత్తో చుట్టి కుట్టాను. ఎంత సన్నగా కుట్టానో! ఆ పాడు పనిలో కూడా నా చేతి పనితనం చూసి లోపల మురిసిపోయాను. ఆ మురిపెంలో వేళ్లు తమ అలవాటు చొప్పున పోయాయి. అంచును వెనక్కి చుట్టాను. ఆ సంగతి నేను గమనించనే లేదు.

శుక్రవారం షాహీన్ వచ్చింది. అక్కాచెల్లెళ్లు కావలించుకుని ఏడ్చారు. షౌకీన్లందరూ ఉన్నారు. ఆపా జరిగింది చెప్పి, నేను అప్పుడే తెచ్చిన కాలిన ముక్కను సరిగా చూడకుండానే పళ్లెంలో పెట్టి ఇచ్చింది. షాహీన్ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమె మొహం మారిపోయింది.

"ఆపా, గిది దాని టుక్డా కాదు."

"ఏందే?"

"దాని అంచు ముంగట్కి ఉంటది. నువ్వు కట్టుకోనియ్యలే గని, కండ్లతోటి చూడనిచ్చినవు గద? ఇయ్య బుద్ధి గాకుంటే ఇయ్యనని చెప్పు. ఇంటికి పిలిచి గీ నాటకమేంది?"

ఆపా ఆ ముక్క తీసుకుంది. అంచు మీద వేలు నడిపింది, మూల దాకా. ఆ గల్లీలో నా కుట్టు ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. నేను చేశానని ఒక్క మాట. ఆపా ఎదురుచూసింది. నిజంగా ఎదురుచూసింది. నేను దుప్పటి మీది మడతల గీతలు చూస్తూ కూర్చున్నాను.

"కూసో షాహీన్" అంది ఆపా చివరికి. "చాయ్ తాగి పో."

షాహీన్ కూర్చోలేదు.

ఆపా నా పేరు ఎందుకు చెప్పలేదు? అందరి ముందు నా పరువు కాపాడిందా? లేక నేనే చెబుతానని ఇంకా నమ్మిందా? ఇంకొక ప్రశ్న ఉంది, అది మరీ చెడ్డది. ఆ ఇంట్లో చెల్లె అని పిలిపించుకునేది నేను. అసలు చెల్లెలు తిరిగొస్తే నా చోటు ఏమవుతుందని, ఆ క్షణంలో నా లోపల ఏదో మూలన సంతోషపడలేదు కదా? లేదనే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను.

ఆపా తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎప్పటిలాగే చెల్లె అంది, పండక్కి షీర్‌ఖుర్మా పంపింది. శుక్రవారాలు మాత్రం మానేసింది. కళ్లు ఆనడం లేదని అందరికీ చెప్పింది. దుప్పటి పరవడం ఆగిపోయాక ఎవరి రుమాళ్లు వాళ్ల పెట్టెల్లోకి పోయాయి. కొందరు వాటిని ఫోన్లో బేరం పెట్టారు, ఎవరికి తోచిన ధరకు వాళ్లు.

ఆపా పోయి ఏడాది కావస్తోంది. ఆమె నలభయ్యో రోజు భోజనాలకు షాహీన్ వచ్చింది. నా పక్కనే కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూ, "మా ఆపా అందర్కి పెట్టింది. నాకొక్కదానికే ఆమె చెయ్యి రాలే" అంది. నేను ఆమె చేతికి నీళ్ల గ్లాసు అందించాను. అది రెండోసారి. అప్పుడూ నాకు నోరు రాలేదు.

షాహీన్ ఇల్లు ఎంతో దూరం లేదు. ధూల్‌పేట్ వైపు, నడిచి పోవచ్చు. రేపు పోయి చెబుతానని ఇక్కడ రాయను. రాసి పోకపోతే అది ఇంకో అబద్ధం. చచ్చిపోయిన అక్క మీద ఆమె ఇప్పటికీ ఏం అనుకుంటోందో తెలిసి, నేను ఇంట్లో కూర్చుని పప్పు తాలింపు పెడుతున్నాను. ఇది కూడా రాయాలి.

షాహీన్, మీ ఆపా చెయ్యి వచ్చింది. మీకోసం పైసలు ముడి కట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. రుమాలు కాలలేదు. ఆమె దాచలేదు. నేను అమ్ముకున్నాను. ఆ ముక్క నేనే కుట్టాను, నేనే కాల్చాను.

ఇది కాగితం మీద ఉంది, నోటి మీదికి ఇంకా రాలేదు. ఆపా క్షమించిందో లేదో అడగడానికి ఆమె లేదు, షాహీన్‌ను అడిగే మొహం నాకు లేదు. అయినా ఇవాళ పొద్దుటి దాకా ఈ నిజం బయట ఎక్కడా లేదు. ఇప్పుడు ఒకచోట ఉంది.