‘తెలియలేదు’ అన్న మాట

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం. మదనపల్లెలో నాది చిన్న డీటీపీ సెంటర్. చేతిరాతను కంప్యూటర్‌లో టైపు చేసి, పేజీలు కట్టి, అచ్చుకు సిద్ధం చేయడం నా పని.

పుంగనూరు కాన్వెంటు నుంచి సిస్టర్ లూర్దమ్మ ఒక నోటుబుక్కు తెచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సొంతూరు కుప్పం పక్కన. తమ సన్యాసినుల సభను స్థాపించిన ఫాదర్, మదర్ ఎలా ప్రార్థించేవారో వాళ్ల ఉత్తరాల నుంచి ఆమె తెలుగు చేశారు. ఫాదర్‌కు జపమాల ప్రాణం. మదర్ రోజూ గంటసేపు దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చునేవారట. నేను ముస్లింని. దివ్యసత్ప్రసాదమంటే క్రీస్తు శరీరమని తాము నమ్మే అప్పమని సిస్టరే నాకు చెప్పారు.

టైపు చేస్తుంటే మదర్ రాసిన ఒక మాట దగ్గర చెయ్యి ఆగింది. ఏళ్ల తరబడి ప్రార్థనలో దేవుడి జాడే తెలియలేదట, అయినా వెళ్లి కూర్చున్నారట. మఠం పెట్టినావిడ అలా అంటారా? చేతిరాత తప్పనుకుని ‘తెలియలేదు’ను ‘తెలిసింది’ చేశాను. ‘అయినా’ను ‘అందుకే’ చేశాను. ప్రూఫ్, అంటే తప్పులు చూసుకునేందుకు తీసే కాపీ, కాన్వెంటుకు పంపాను.

రెండోరోజే సిస్టర్ బస్సెక్కి వచ్చేశారు. ప్రూఫ్ నా ముందు పరిచి, ఆ వాక్యం చూపించారు.

“ఈ మాట ఎవరప్పా మార్చింది?”

“నేనే సిస్టర్. రాతలో తప్పు పడిందనుకున్నా.”

ఆమె కుర్చీలో కూలబడ్డారు. “నేనే ఇన్నేండ్లూ తప్పు సదివినానేమో అనుకొని, రాత్రంతా పాత ఉత్తరాలు ఎతికినానప్పా.”

“అంత పెద్ద మాటా సిస్టర్ అది?”

“నాకూ నాలుగేండ్లుగా ఏమీ తెలీడం లేదప్పా. సాపెల్లో దివ్యసత్ప్రసాదం ముందర కూసుంటాను, గోడ ముందర కూసున్నట్టే ఉంటాది. మఠం ఇడిసి పోదామనుకున్నా. ఆ మదర్ మాట సూసే ఆగినా.”

“ఏమీ తెలీనప్పుడు, మరి రోజూ ఎందుకు పోతారు?”

“అదీ తెలీదప్పా.”

ఆమె ఎదురుగానే రెండు మాటలూ సరిదిద్దాను. ఆమె ఆ వాక్యాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని వెళ్లిపోయారు.

అప్పటినుంచి నాకు అర్థంకాని వాక్యాన్ని నేను దిద్దను. పెన్సిల్‌తో గీత గీసి, రాసినవాళ్లను అడుగుతాను. ఆమె జవాబు మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. నమాజులో మనసు నిలవని రోజుల్లో ఎందుకో అదే గుర్తొస్తుంది. లేచి రాకుండా కూర్చుంటాను.