తలకిందుల కలబంద

మండపేటలో సత్యవేణిని చేతిలో చెంబు లేకుండా చూసినవాళ్ళు తక్కువ. బియ్యం కడిగిన నీళ్ళూ పప్పు కడిగిన నీళ్ళూ అరుగుమీది కుండీలకే. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక్కో మొక్క మొదట్లో వేలు గుచ్చి, తడి తగిలినా సరే ఇంకో చెంబు పోస్తుంది. వరిచేల మధ్య పుట్టిన మనిషి. మొక్కన్నాక కాళ్ళు నీళ్ళలో ఉండాలని ఆవిడ నమ్మకం. పూస్తుందని ఆశపడి కడియం నర్సరీలో కొన్న స్నేక్ ప్లాంటు మొదలు కుళ్ళి ఒరిగిపోయింది. కలబందలూ అంతే. పక్కింట్లో ఎస్.టి.డి. బూత్ నడిపే రామతులసి వాటిని మెచ్చుకున్న మర్నాడే అలా జరిగిందని గుర్తొచ్చింది సత్యవేణికి. పాపం, రామతులసే జాలిపడి తన పెరట్లోని కలబంద తెచ్చిచ్చింది. సత్యవేణి దాన్ని పాతలేదు. రామతులసి దిష్టికే విరుగుడుగా, వేళ్ళకు తాడు బిగించి గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసింది.

చుక్క నీరెరగని ఆ కలబందే పూసింది. తలకిందులుగా వేలాడుతూనే, కాడను పైకి వంచి నారింజరంగు మొగ్గలు తొడిగింది. సత్యవేణికి అన్నం సయించలేదు. రామతులసి ఎదురైతే చూపు తిప్పుకునేది. చివరికి ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేనిచ్చిందేనా అండీ ఇది?"

సత్యవేణి తలూపింది.

"నీళ్ళు పోయకపోతేనే పూస్తాయంట ఇవి. అయినా మీ ఇంటిమీద ఎవరి కళ్ళు పడుతున్నాయండీ? నాతో ఒక్క మాట చెప్పొద్దూ? నేనే వచ్చి దిష్టి తీసేదాన్ని కదా."

సత్యవేణి చెంబు అందుకుని, మొక్క లేని కుండీలో నీళ్ళు పోస్తూ నిలబడింది. కుండీ నిండి పాదాలు తడిసినా ఆపలేదు.