కోసి చూడని చేప

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మా ఇంట్ల అవ్వ, బాపు కాడికెల్లి కాలేజీల బంట్రోతు దాక అందరికి ఎరుకే. హైదరాబాదుల అంత పెద్ద సైన్సు సభకు గూడ ఒకసారి ఎరుకయింది.

ఆంధ్రప్రదేశ్ అయి గప్పటికి ఏడెనిమిదేండ్లు. కరీంనగర్‌ల కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తుంటి. నౌకరి టెంపరరీ. ప్రతి ఎండకాలం ఉంచుతరో తీసేస్తరో అని ఒకటే పరేషాన్. మా శాఖకు పెద్దసారు ఒకనాడు పిలిచి, "సముద్రాలు, చెర్వులు, నీళ్లల్ల బతికే జీవుల మీద హైదరాబాదుల సభ పెడ్తున్నరు. నువ్వు చెర్వుకట్ట మీద కూసోని రాసుకున్నదంత పేపరు చేసి చదువు. పేరొస్తె నిన్ను పర్మినెంటు చేయమని నేనే పైకి రాస్త" అన్నడు. ఆ దినం నా కాళ్లు భూమ్మీద ఆనలే.

నేను రాసుకున్నది కొర్రమట్ట, అదే కొర్రమీను చేప గురించి. కిందటేడు వానకాలం, ఊరవతలి చెర్వు మీద చేపలు పట్టే బెస్త తాత ఒకాయన నాకు చూపెట్టిండు. గుడ్లు పగిలినంక పిల్లలు వందలకొద్ది, ఎర్రగ, నీళ్లల్ల కుంకుమ చల్లినట్టు ఒక్క గుంపుగ తిరుగుతయి. వాటి కింద పెద్ద చేప కావలుంటది. కప్ప దగ్గరికొచ్చినా, నీరుకట్టె పాము వచ్చినా ఎగిరి మీద పడ్తది. ఇరవై దినాలు గొడుగేసుకోని కట్ట మీద కూసున్న, గంటగంటకు రాసిన. "పెండ్లి కావాల్సిన పిల్ల కట్ట మీద కప్పలు లెక్కబెడ్తుంది" అని బాపు తలకాయ పట్టుకునేటోడు.

"కావలుండేది తండ్రి బిడ్డా. తల్లి గుడ్లు పెట్టి దాని తొవ్వ అది చూస్కుంటది" అన్నడు తాత. నేను గట్లనే రాసుకున్న. కని కొర్రమట్టల ఆడదేదో మగదేదో పైనుంచి చూస్తె నమ్మకంగ చెప్పలేం, కడుపు కోసి చూడాలె. "ఒక్కటి పట్టియ్యి తాతా" అని అడిగిన. తాత వల భుజం మీదికి ఎత్తుకున్నడు. "పిల్లలున్న చేపను నేను పుట్టినకాడికెల్లి పట్టలే. మా బాపు పట్టలే. అది పోతె పొద్దుగూకే వరకు పిల్లల్ని అన్నీ మింగిపారేస్తయి. పట్టను, పట్టియ్యను అని మాటిస్తె రేపు గూడ రా. లేకుంటె ఇంటికి పో" అన్నడు. మొకం మాడ్చుకోనే ఇచ్చిన గని, మాట ఇచ్చిన.

మళ్ల వానలు పడ్డంక సభ వచ్చింది. పోయే ముందు తాతకు చెప్పిన, "కోసి చూసినవా అని అడుగుతరు తాతా. నా నౌకరి గా ఒక్క ముచ్చట మీదుంది" అని. ఆయన బీడీ తాగుకుంట చెర్వు దిక్కే చూసిండు.

సభ రెండు దినాలు. అబ్బ, ఎంత సంబురమనిపించిందో! సముద్రాన్ని నేను పుస్తకంల తప్ప చూసింది లేదు. ఒకాయన తెర మీద బొమ్మలేసి, కంటికి కనబడని పురుగులు సముద్రం నిండ ఎట్ల మెరుస్తయో చూపెట్టిండు. నోరు తెర్చుకోని చూసిన. ఇంకొకాయన చెర్వు నీళ్లు పైన ఒక తీరు, అడుగున ఒక తీరు ఎట్లుంటయో చెప్తె, మా చెర్వుల ఈత కొట్టినప్పుడు కాళ్లకు చల్లగ తగిలేది యాదికొచ్చింది. పొద్దున్నంత చేపల మీద కొట్లాడిన పెద్దమనుషులు మధ్యాహ్నం చేపల పులుసుల ముండ్లు ఏరుకుంట ఒక్కరు మాట్లాడలే. అంతమందిల ఆడదాన్ని నేనొక్కదాన్నే. అయినా నా ఇంట్ల నేనున్నట్టే అనిపించింది.

రెండోనాడు నా వంతు వచ్చింది. ఇంగ్లీషుల చదివిన. మొదట మాట తడబడింది, కప్ప ముచ్చట కాడికి వచ్చేసరికి సాఫయింది. చదువుడయినంక అధ్యక్షుడు కండ్లద్దాలు తీసి ఇంగ్లీషులనే అడిగిండు.

"కాపలా ఉన్నది తండ్రే అని రాశారు. ఎన్నిటిని కోసి చూశారు?"

ముందటి వరుసల మా పెద్దసారు రెండు వేళ్లు చూపెట్టి తల ఊపిండు. రెండు అంటె చాలు. గిప్పుడు మీకు అబద్ధమెందుకు చెప్పాలె, గా మాట నా నాలుక మీదికి గూడ వచ్చింది. ఎవలు చూడొచ్చిన్రు?

"ఒక్కటి గూడ కొయ్యలే సార్. ఇది చూపెట్టిన తాతకు పట్టనని మాటిచ్చిన" అన్న.

హాలంత గొల్లున నవ్విన్రు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంగ్లీషు ఎటువోయిందో, మన మాటనే వచ్చింది. "నవ్వుడెందుకు? తండ్రి అన్నది తాత మాట, నా మాట కాదు. నేను రాసుడు తప్పే, అది కొట్టేయుండ్రి. మిగిలిందంత నా కండ్లతోని చూసింది. ఇరవై దినాలు కూసుందాం రాండ్రి, మీరు గూడ చూద్దురు!"

నవ్వు ఆగింది. అధ్యక్షుడు పెన్సిల్ తీసి నా పేపర్ల 'తండ్రి' అన్నకాడల్ల గీత కొట్టి 'పెద్ద చేప' అని రాసిండు. "మిగిలింది బాగుందమ్మా" అన్నడు. మా పెద్దసారు మాత్రం వాపసొచ్చేటప్పుడు బస్సుల కిటికీ దిక్కు తిరిగి, "రెండు అంటె నీ సొమ్మేం పోయేది?" అన్నడు. పైకి ఏం రాయలే ఆయన. పర్మినెంటు ఇంకో రెండేండ్లకు గని కాలే.

తెల్లారి సక్కగ చెర్వుకు పోయిన. ఓడిపోయినదాన్ని, కని నాకు మంచిగనే ఉండె. మాట నిలబెట్టుకున్న అని తాతకు చెప్పాలె, ఆయన నవ్వాలె.

తాత కట్ట మీద కూసున్నడు. ముందట కుండ, దాని మీద తడిగుడ్డ.

"వచ్చినవా బిడ్డా. గిప్పుడే పట్టిన. పిల్లల కింద ఉన్నదే. నువ్వు పోయిననాటికెల్లి నాకు ఒకటే ఫికర్. ఒక్క చేప కోసం నీ నౌకరి పోవుడా అనిపించింది. గిప్పుడన్న కోసి వాళ్లకు చెప్పు" అన్నడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా తాతా?" అని ఒర్రిన. ఏడుపు గూడ వచ్చింది. సభ ముచ్చట అంత చెప్పిన. ఇని కుండ ఎత్తుకున్నడు. ఇద్దరం మోకాళ్ల లోతు నీళ్లల్లకు దిగినం. ఆయన కుండ వంచిండు. చేప జరసేపు మూతి కాడనే ఆగి, తోక కొట్టి పోయింది. చెదిరిన పిల్లలు ఒక్కటొక్కటే దాని మీదికి కూడినయి, మళ్ల నీళ్లు ఎర్రగయినయి.

"నువ్వు గంతమందిల పట్టలే అని చెప్పొచ్చినవు" అన్నడు తాత. "ఇగ నేను గా మాట చెప్పరాదు గద బిడ్డా."

ఆయన చేతులకెల్లి ఖాళీ కుండ అందుకున్న. "పట్టినవు, ఇడిసినవు. గట్లనే చెప్పు. నేను చూసిన గద" అన్న.

తాత తడిగుడ్డ పిండి భుజం మీదేసుకున్నడు. "అయితె అది గూడ రాసిపెట్టు" అన్నడు. ఆ పేపర్ల రాసేతందుకు జాగ లేకుండె. గిప్పుడు రాసిన.